తిన్నది కాదు, ఒంటబట్టిందే తిండి

పైరు కాస్త పసుపు తిరిగితే మన చెయ్యి ముందుగా యూరియా కట్ట మీదికే పోతుంది. గేదె పాలు తగ్గితే తవుడు ఇంకో దోసెడు ఎక్కువ కలుపుతాం. పిల్లవాడు నీరసంగా కనిపిస్తే "ఇంకో ముద్ద తినరా" అని కంచంలో అన్నం పెడతాం. మూడు చోట్లా మనం చేసే పని ఒకటే, ఉన్నదాన్నే ఇంకాస్త ఎక్కువ పెట్టడం. మూడు చోట్లా చాలాసార్లు జరిగేదీ ఒకటే. పెట్టింది పోతుంది, లోటు లోటుగానే మిగులుతుంది.

రైతు సోదరులారా, తిండి పెట్టడం వేరు, పోషణ వేరు. ఈ తేడా చెప్పడానికి మన పెద్దలు ఏ కాలేజీకీ వెళ్లకుండానే మంచి మాట ఒకటి వాడారు: ఒంటబట్టడం. ఎంత తిన్నాడన్నది కాదు, ఎంత ఒంటికి పట్టిందన్నది లెక్క. ప్రాణమున్న ప్రతిదానికీ, వరి మొక్కకైనా, గేదెకైనా, మనిషికైనా ఇదే సూత్రం. రెండెకరాల రైతుకు ఈ సూత్రం తెలియడం శాస్త్రం కోసం కాదు, జేబు కోసం, ఇంట్లో పిల్లల కోసం.

మొక్క ఏం తింటుంది?

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. మొక్క ఎరువును తిని పెరగదు. బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే ఆయన ఒక తొట్టెలో 90 కిలోల ఎండిన మట్టి పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న చెట్టు మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోస్తూ ఐదేళ్లు పెంచాడు. చెట్టు బరువు దాదాపు 76 కిలోలకు పెరిగింది. తొట్టెలో మట్టి తగ్గింది మాత్రం 60 గ్రాముల లోపే. 1648లో ఈ సంగతి అచ్చయింది. అంతా నీళ్ల మహిమే అని ఆయన అనుకున్నాడు. అందులో సగమే నిజం. మిగతాది గాలి అని తర్వాతి వాళ్లు తేల్చారు. ఆకు ఎండను పట్టుకుని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని కలిపి చక్కెర వండుకుంటుంది. మొక్క ఎండు బరువులో నూటికి తొంభై పాళ్లకు పైగా గాలి, నీళ్ల నుంచి వచ్చిందే.

మరి ఎరువు ఎందుకు? వంటలో ఉప్పు ఎంత? చిటికెడే. ఆ చిటికెడు లేకపోతే కుండెడు కూరా వృథా. మొక్కకు మొత్తం 17 మూలకాలు తప్పనిసరి అని శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటిలో మూడు గాలి, నీళ్ల నుంచి వస్తాయి. మిగిలిన పద్నాలుగూ ముఖ్యంగా నేల నుంచి రావాలి. టన్ను ధాన్యం పండాలంటే గింజకూ గడ్డికీ కలిపి వరి సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని లాగుతుంది. పొటాష్ కూడా దాదాపు అంతే లాగుతుంది. జింకు మాత్రం 50 గ్రాములు చాలు. కానీ ఆ 50 గ్రాములు దొరక్కపోతే 20 కిలోల నత్రజని పెట్టినా పని జరగదు.

జర్మనీకి చెందిన లీబిగ్ ఈ విషయాన్ని 1840ల నాటి తన రాతలతో లోకానికి గట్టిగా చెప్పాడు. దిగుబడిని నిర్ణయించేది ఎక్కువగా ఉన్న పోషకం కాదు, అన్నిటికన్నా తక్కువగా ఉన్నది. చెక్కపలకలతో కట్టిన నీళ్ల పీపాను ఊహించండి. ఒక పలక పొట్టిదైతే నీళ్లు అక్కడి నుంచే కారిపోతాయి. మిగతా పలకలను ఎంత ఎత్తు పెంచినా చుక్క కూడా అదనంగా నిలవదు. మనం ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. నత్రజని పలకను పెంచుకుంటూ పోతున్నాం, జింకు, గంధకం, పొటాష్ పలకల వైపు చూడటం లేదు.

పసుపు అంతా ఒకటే పసుపు కాదు

పైరు తన ఆకలిని ఆకు మీదే రాసి చూపిస్తుంది. చదవడం మన వంతు. కింది ముదురాకులు ముందుగా పసుపు తిరిగితే అది సాధారణంగా నత్రజని లోటు. పైన లేతాకులు తెల్లబారితే ఇనుప ధాతువు లోటు కావచ్చు. దానికి యూరియా మందు కాదు, అన్నభేది మందు. వరి నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఆకు పెళుసుగా విరుగుతూ, మొక్క గిడసబారి దుబ్బు చేయకుండా, నత్రజని వేసినా పచ్చబడకుండా ఉంటే అది జింకు లోటు. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త తేల్చేదాకా ఉత్తరాదిలో దీన్ని ఏదో తెగులనే అనుకునేవారు. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేస్తే మూడు పంటల దాకా సరిపోతుంది. దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయకూడదు. రెండిటికీ మూడు రోజులైనా ఎడం ఉండాలి. కలిపితే రెండూ ఉంటాయి, కానీ జింకు మొక్కకు అందదు. పెట్టడం వేరు, ఒంటబట్టడం వేరు అన్నది ఇందుకే.

నల్లరేగడిలో పత్తి సంగతి చూడండి. నాలుగు రోజులు ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే పత్తి, కంది పసుపు తిరుగుతాయి. ఎరువు కొట్టుకుపోయిందని కట్ట తెచ్చి చల్లేస్తాం. అసలు జరిగింది వేరు. వేరుకు ఊపిరి ఆడలేదు. పోషకాలను లోపలికి లాక్కోవడానికి వేరు పని చేయాలి, పనికి శక్తి కావాలి, శక్తికి గాలి కావాలి. ముక్కు మూసి నోట్లో ముద్ద పెడితే మింగగలమా? ముందు కాలవ తీసి నీళ్లు బయటికి పంపాలి. ఆపై లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే, వేరు తేరుకునేలోగా ఆకు ద్వారా కాస్త తిండి అందుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

వేరుశనగ రైతులకు ఇంకో వింత తెలుసు. జిప్సం వేయకపోతే తాలు కాయలు వస్తాయి. వేరు తాగిన సున్నం నీళ్లతో పాటు ఆకులకు ఎక్కుతుంది గానీ, మళ్లీ భూమిలోని కాయకు దిగదు. ఊడ దిగి, కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే సున్నాన్ని స్వయంగా తీసుకోవాలి. అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సం తొలిపూత సమయంలో మొక్క మొదళ్ల దగ్గరే వేసి మట్టి ఎగదోయమంటారు. ఏం పెట్టాం అన్నదొక్కటే చాలదు. ఎప్పుడు పెట్టాం, ఎక్కడ పెట్టాం అన్నవి కూడా పోషణలో భాగమే.

వరిలో యూరియా కూడా అంతే. దమ్ములో ఒక దఫా, దుబ్బు చేసేటప్పుడు ఒక దఫా, అంకురం ఏర్పడేటప్పుడు ఒక దఫా అని మూడుగా పంచమనేది మొక్క ఆకలి వేళలను బట్టి చెప్పిన మాట. బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టమనేది అందుకే. నిండా నీళ్లున్న మడిలో చల్లితే కొంత గాలిలో కలుస్తుంది, కొంత కిందికి ఇంకిపోతుంది. నీటి వరిలో మనం వేసిన నత్రజనిలో పైరుకు చేరేది చాలాచోట్ల మూడో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. మూడు కట్టలు వేస్తే ఒక కట్ట పైరుకు, రెండు గాలికీ నీటికీ దానం. పైగా అవసరానికి మించి తాగిన పైరు తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, దోమను రమ్మంటుంది, అగ్గితెగులుకు దారి ఇస్తుంది, గాలి వీస్తే పడిపోతుంది. సాంబ మసూరి వేసే వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

శక్తి అనే చిల్లర

తిన్న తిండి శక్తిగా ఎలా మారుతుంది? పొలం ఉంది కదా అని కొట్లో పావుకిలో చక్కెరకు పొలం రాసి ఇవ్వలేం. పంట పండించి, అమ్మి, చేతిలో చిల్లర ఉంచుకోవాలి. శరీరమూ అంతే. అన్నంలోని శక్తిని కణం నేరుగా ఖర్చు పెట్టలేదు. దాన్ని ఏటీపీ అనే చిన్న పదార్థంగా మార్చుకుని, చిల్లరలా కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది. 1929లో ఆ ఏటీపీని కనుగొన్న వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నాడు. మన కండరం కదలాలన్నా, గేదె నెమరు వేయాలన్నా, వరి వేరు నేల నుంచి పోషకం లాగాలన్నా ఈ ఒక్క చిల్లరే చెల్లుతుంది. ఆ చిల్లరలో ముఖ్యమైన ముక్క భాస్వరం. డీఏపీ కట్టలో ఉండేది అదే మూలకం. గేదె ఈనిన తర్వాత భాస్వరం బాగా తగ్గితే కొన్నిసార్లు రక్తమూత్రం పోయడం, పశువు గుడ్డలు, ఎముకలు నమలడం మనం చూస్తూనే ఉంటాం. చేలో లోటు, కొట్టంలో లోటు వేర్వేరు సంగతులు కావు.

కొట్టం విషయం వచ్చింది కాబట్టి ఇంకో మాట. వరిగడ్డిని గేదె అరిగించుకోలేదు. దాని పెద్దపొట్టలో ఉండే కోట్లాది సూక్ష్మజీవులు అరిగిస్తాయి. గేదె ఆ జీవులు తయారుచేసిన దానితోనే బతుకుతుంది. అందుకే మనం మేపవలసింది ముందు ఆ జీవులను. వట్టి ఎండుగడ్డిలో వాటికి కావలసిన నత్రజని చాలా తక్కువ. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియా సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి, 21 రోజులు మాగబెడితే గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది. తీసిన గడ్డిని కాసేపు గాలికి ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియాను కుడితిలో కలిపి తాగించడం మాత్రం ప్రాణం తీసే పని. మొదటిసారి చేసేవారు పశువైద్యుణ్ణి అడిగి చేయండి. కాస్త పచ్చిమేత, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పాడి పశువుకు ఉంటే తవుడు మీద పెట్టే ఖర్చు ఒంటబడుతుంది.

నేలలోనూ ఇలాంటి జీవులే ఉన్నాయి. అవి ముందు తిని, తర్వాత పైరుకు పెడతాయి. పచ్చి గడ్డీ గాదం ఒక్కసారిగా కలియదున్నితే కొన్నాళ్లు పైరు పసుపు తిరగడం అందుకే. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన, ఉన్న నత్రజనిని జీవులే వాడేసుకుంటాయి. చివికే దాకా ఆగితే తిన్నదంతా తిరిగి ఇస్తాయి. అదే గడ్డిని తగలబెడితే నత్రజని, గంధకం పొగలో పోతాయి. కంది, పెసర, జనుము వేర్ల బుడిపెల్లో ఉండే జీవులైతే గాలిలోని నత్రజనినే పట్టి ఇస్తాయి. బుడిపెను గిల్లితే లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తున్నట్టు. ఆ కట్టకు కొట్లో డబ్బు కట్టనక్కర్లేదు.

పండించే ఇంట్లో లోటు

ఇప్పుడు అసలు బాధ చెప్పుకోవాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. వీళ్లంతా పస్తులున్న వాళ్లు కారు. కడుపు నిండా అన్నం తిన్నవాళ్లే వీళ్లలో ఎందరో. మన వరి చేలో జరుగుతున్నదే మన కంచంలోనూ జరుగుతున్నది. ఒక్క పలక ఎత్తు పెరిగింది, మిగతావి పొట్టిగా మిగిలాయి.

అన్నంలో లైసిన్ అనే మాంసకృత్తి భాగం తక్కువ. పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన మిథియోనిన్ అన్నంలో ఉంది. పప్పన్నం అనేది ఒకదాని లోటు ఒకటి పూడ్చే జోడు. చారెడు పప్పును చెరువంత పులుసు చేస్తే ఆ జోడు విడిపోయినట్టే. ఆకుకూరల్లో ఇనుము ఉంది, కానీ నిమ్మకాయో ఉసిరికాయో తోడైతేనే బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుమును టీ అడ్డుకుంటుంది. గంట ఎడం ఉంచండి. కడుపులో నులిపురుగులుంటే పెట్టింది అవి తింటాయి. కొంకిపురుగులైతే రక్తమే పీలుస్తాయి. అవి మన పొలం గట్ల మీద మలం పడిన మట్టిలో నుంచి చెప్పుల్లేని పాదాల గుండా ఎక్కుతాయి. మరుగుదొడ్డి, కాలికి చెప్పు కూడా పోషణలో భాగమే.

అంతా తెల్లన్నం తప్పే, పాతకాలపు జొన్నన్నమే మేలు అని ఇప్పుడు కొందరంటున్నారు. జొన్న, సజ్జ, రాగి మంచివే, వేయాలి, తినాలి. కానీ ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో ఏం చూశారు? జొన్న తప్ప మరొకటి అందని పేదల్లో పెల్లాగ్రా జబ్బు. ఎండ తగిలే చోట చర్మం మాడినట్టు కావడం, విరేచనాలు, నీరసం దాని లక్షణాలు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం ఒక కారణమని వారు ప్రతిపాదించారు. తప్పు జొన్నది కాదు, ఒంటరితనానిది. జొన్న పక్కన కంది, కంది పక్కన గోంగూర, పెరట్లో మునగచెట్టు, నాలుగు కోళ్లు ఉన్న ఇంట్లో ఆ జబ్బుకు చోటెక్కడ?

మనం మాత్రం కంది తీసేసి పత్తి వేశాం. తెల్లారి పాలన్నీ కేంద్రానికి పోసి పిల్లలకు టీ పోస్తున్నాం. గుడ్లు కొట్టుకు పంపి బిస్కెట్ పొట్లం తెస్తున్నాం. అప్పుల వాళ్ల ఒత్తిడి ఉంది, కాదనలేం. కానీ పదిలో ఒక లీటరు పాలు, వారానికి డజను గుడ్లు, గట్టు మీద రెండు సాళ్ల కంది ఇంటికి ఉంచుకోవడం నష్టం కాదు. ఆస్పత్రికి పోసే డబ్బుతో పోల్చి చూడండి.

నేరం రైతుది కాదు

ఇదంతా చెప్పి తప్పు మీదేనని ముగిస్తే అన్యాయం. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద అదుపు ఎత్తేసి, యూరియా ధరను మాత్రం ప్రభుత్వం తన చేతిలోనే ఉంచుకుంది. 2010లో పోషకాలను బట్టి సబ్సిడీ అన్నప్పుడూ యూరియాను ఆ లెక్కకు బయటే ఉంచారు. చవగ్గా దొరికేదాన్నే పేదవాడు ఎక్కువ వాడతాడు. అందులో ఆశ్చర్యం ఏముంది? యూరియాను ఒక్కసారిగా ఖరీదు చేయమని నేను అనను. చిన్న రైతు కుదేలవుతాడు. జింకు, గంధకం, బోరాన్, పొటాష్ అందుబాటు ధరకు తెమ్మంటాను. ఏడాది మాటతో కౌలు చేసేవాడికి నేలను మేపమని చెప్పడం కూడా తేలికే. వచ్చే ఏడు ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియనివాడు పశువుల ఎరువు ఎందుకు తోలుతాడు? కౌలుకు కాల పరిమితి, కాగితం ఉంటేనే నేలకు పోషణ. కందికి, పెసరకు మద్దతు ధర ప్రకటించడంతో సరిపోదు, కళ్లం దగ్గర కొనే మనిషి కావాలి.

2015లో భూసార ఆరోగ్య కార్డులు మొదలుపెట్టారు. అందులో 12 అంశాలు రాసి ఇస్తారు. చాలా ఇళ్లలో ఆ కార్డు పట్టాపుస్తకంలో భద్రంగా ఉంది, కొట్టు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఈసారి ఎరువు కొనే ముందు దాన్ని తీసి వ్యవసాయాధికారి ముందు పెట్టండి. "ఎన్ని కట్టలు వేయాలి?" అని అడగకండి. "నా చేలో పొట్టి పలక ఏది?" అని అడగండి. అదే ప్రశ్న అంగన్‌వాడీ టీచర్ని మీ పిల్లల గురించి, పశువైద్యుణ్ణి మీ గేదె గురించి అడగండి.

చేను, కొట్టం, కంచం. మూడింటిలో ఏ లోటు ఉందో తెలిస్తే ఖర్చు సగానికి రావచ్చు, రాకపోవచ్చు. పెట్టిన రూపాయి మాత్రం ఒంటబడుతుంది. ఎకరం, రెండెకరాలున్న మనకు అంతకన్నా కావలసిందేముంది?